నెల తప్పిన మాట

గాజుల షంషున్నీసా నోటి మూలంగానే తన పరువు గంగలో కలిసిందని సింగయ్య రేపల్లె అంతా చెప్పుకు తిరిగాడు.

ఆ యేడు ఫాల్గుణంలో కూతురు భవానికి నిశ్చితార్థం. బాపట్ల నుంచి మగపెళ్లివారు దిగారు. గాజులు తొడగడానికి తెనాలి నుంచి షంషున్నీసాని పిలిపించారు.

"రెండుంబావు సైజండి," అంది భవాని.

ఎక్కలేదు. రెండున్నర కూడా బిగిసింది.

షంషున్నీసా ఆ చెయ్యి వదల్లేదు. ఉబ్బి, మంచుగడ్డలా చల్లగా ఉంది. పిల్ల గొంతు కింద వాపు చూసింది.

"అన్నా, పిల్లకి నెల తప్పుతోందా?"

మగపెళ్లివారి తలలన్నీ ఇటు తిరిగాయి. సింగయ్య లేచొచ్చాడు.

"పెళ్లికాని పిల్లని పట్టుకుని ఏం మాటే అది!"

"అయ్యో, కడుపని కాదన్నా! నెలనెలా సరిగ్గా రావట్లేదా అని. రోగం పొట్టలో కాదు, మెడలో ఉంటది. తెనాలిలో థైరాయిడ్ పరీక్ష..."

"గాజులమ్ముకునేదానివి, డాక్టరమ్మవెప్పుడయ్యావు? నడు!"

గాజుల మలారం వీధిలోకి విసిరేశాడు.

బాపట్ల వాళ్లు కాఫీ ముట్టకుండా లేచారు.

తర్వాత స్కానింగులో అండాశయాల్లో నీటిబుడగలన్నారు. ఆరెంపీ డాక్టరు నెలసరికి బిళ్లలిచ్చాడు.

"ఆ మెడ పరీక్ష కూడా చేయిద్దామయ్యా," అంది భార్య కోటేశ్వరి.

"చేయిస్తే దాని మాట నిజమని నేనే దండోరా వేసినట్టు. నోర్ముయ్!"

రోహిణికార్తెలో భవాని దుప్పటి అడిగింది. గొంతు బొంగురుపోయింది. పగలంతా నిద్ర.

ఓ పొద్దున ఎంత లేపినా లేవలేదు.

తెనాలి ఆస్పత్రిలో డాక్టరు పిల్ల మెడ తడిమాడు.

"ఆ నీటిబుడగలకీ మూలం ఇదేనయ్యా. ముందే రక్తం చూసుంటే రోజుకో బిళ్లతో పోయేది. వెంటనే పరీక్షకి రాయించు, పో."

సింగయ్య ల్యాబుకి పరిగెత్తాడు.

"భవాని. సింగయ్య కూతురు, రేపల్లె. థైరాయిడ్ పరీక్షండి!"

ల్యాబులో ఇస్సాకు పుస్తకం తిరగేసి తలెత్తాడు.

"మీరేనా? డబ్బు ఎప్పుడో కట్టేశారండి. ఇన్నాళ్లూ రాలేదేంటి?"

"ఎవరు కట్టారు?"

ఇస్సాకు నోరు తెరిచేలోగా నర్సు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ రేపల్లె పిల్లకి పరీక్ష ఇంక అక్కర్లేదు ఇస్సాకూ."

సింగయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

ఇస్సాకు గొంతు తగ్గించాడు. "గాజులమ్మండి... తన కూతురు సుమయా ఈ జబ్బుతోనే పోయింది, అప్పట్నుంచి చెయ్యి ఉబ్బిన ఆడపిల్ల ఎక్కడ కనబడ్డా పేరు రాయించి కట్టిపోతది. మీ పిల్లకి కట్టి ఇవాళ్టికి తొంభై ఆరు రోజులండి."