కిష్టమ్మ పట్టు

"లెవ్వురా! ఆకాశం తెల్లగైంది, నీ మొఖమే ఇంక నల్లగున్నది," అంటూ కిష్టమ్మ తలుపు తన్నింది.

సురేశ్ దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు. "భుజం గుంజుతున్నదమ్మ. ఇయ్యాల ఒద్దు."

"గుంజనీ. ఉన్న భుజమే గుంజుతది."

కిష్టమ్మది చిక్కడపల్లి సందులో కర్రీ పాయింట్. ఆమె పప్పుచారు కోసం అశోక్‌నగర్ కోచింగ్ పిల్లలు గిన్నెలు పట్టుకుని వస్తారు. వాళ్ళని చూస్తే సురేశ్‌కి అసూయ. తనకీ ఒక కానిస్టేబుల్ గైడ్ కొనుక్కుని, లైబ్రరీలో దాని మీద తల పెట్టి నిద్రపోవాలని ఉంది.

కిష్టమ్మ పోనివ్వదు. అతను బేస్‌బాల్ ఆడాలి.

హైదరాబాదులో బేస్‌బాల్ ఆడతానంటే "క్రికెట్ల తీస్కోలేదా?" అని జాలిపడతారు. సురేశ్ పిచ్చర్. అంటే బౌలర్ లాంటివాడే, కాకపోతే బంతి నేలకి తగలదు. నేరుగా బ్యాటర్ పక్కనుంచి దూసుకుపోతుంది.

కాలేజీ నుంచి జిల్లాకి, జిల్లా నుంచి రాష్ట్ర జట్టుకి అతన్ని తోసుకుంటూ తెచ్చింది కిష్టమ్మే. రాష్ట్రానికి ఎంపికైన రోజు స్వీట్లు పంచుదామన్నాడు.

"ఇండియా బనీను తొడుక్కో. అప్పుడు పంచుత."

2013లో ఇండియా క్యాంపు సెలెక్షన్లు నారాయణగూడ గ్రౌండులోనే పెట్టారు. కిష్టమ్మ దుకాణం మూసి, టిఫిన్ డబ్బాతో వచ్చి గోడ పక్కన నిలబడింది.

సురేశ్ వేసిన మూడు బంతులూ బ్యాటర్‌కి దూరంగా పోయాయి. నాలుగోదీ అలాగే పోతే బ్యాటర్ తీరిగ్గా బేస్‌కి నడుచుకుంటూ పోతాడు, సురేశ్ ఇంటికి నడుచుకుంటూ పోతాడు.

కోచ్ బుచ్చిబాబు పరిగెత్తుకొచ్చాడు. "లోపలికెయ్ రా! బ్యాటర్‌కి దగ్గరగ! గంత భయమైతే పిచ్చర్‌వెందుకైనవ్ర బై?"

సురేశ్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తడిసిపోయాయి. గోడ వైపు చూశాడు.

"ఎయ్!" అని అరిచింది కిష్టమ్మ.

వేశాడు.

బంతి గడ్డం కిందనుంచి పోయిందనిపించి బ్యాటర్ వెనక్కి వెల్లకిలా పడ్డాడు. వెనక కూచున్న క్యాచర్ గ్లవ్‌లో ధబ్బుమని చప్పుడు. అందరూ అంపైర్ చెయ్యి లేస్తుందా అని చూశారు. లేచింది. స్ట్రైక్! అంటే బంతి సరిగ్గానే పడింది.

కిష్టమ్మ అంపైర్‌ని చూడలేదు. పడ్డ కుర్రాడు లేచి దుమ్ము దులుపుకునే దాకా వాడినే చూసింది. ఆ తర్వాతే గోడకి ఆనుకుంది.

సాయంత్రం బుచ్చిబాబు చదివిన మొదటి పేరు సురేశ్‌దే. దోస్తులు ఎత్తుకోబోతే తప్పించుకుని కిష్టమ్మ దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"నువ్వన్నది చేసిన గదమ్మ. ఇగ చాలు. నాతోని అయితలేదు. నన్ను ఇడిసిపెట్టు."

కిష్టమ్మ డబ్బా విప్పి అన్నం కలిపింది. "నోరు మూస్కొని తిను. క్యాంపుకి పోతవ్. ఇండియాకి ఆడతవ్. నువ్వు గల్లీ ప్లేయర్‌వై మిగిలిపోతే నేనెట్ల ఓర్సుకోవాలె రా?"

ముద్ద అతని నోటికి అందించింది.

మూడేళ్ళ కిందట కాలేజీ మ్యాచ్‌లో సురేశ్ విసిరిన బంతి కణతకి తగిలి, పడి, ఇక లేవని కుర్రాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు.