మేమిద్దరం

"ఆగు, ఆగు. పక్కింట్లో ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్ చప్పుడు రికార్డింగ్‌లో పడింది. మళ్లీ చెప్పు" అన్నాడు మోజెస్, హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ.

డైనింగ్ టేబుల్ మీద మైక్‌ని కెజియా విసురుగా అవతలికి నెట్టింది. "కడుపులో బిడ్డ పోయిన సంగతి ఎన్నిసార్లు చెప్పిస్తావ్?"

"చర్చిలో మనం చెప్పే సాక్ష్యమే కదా! నీకు కంఠతా వచ్చు. ఈ వారం పాడ్‌కాస్ట్‌కి ఇదొక్కటే బాకీ."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. "ఆ రోజు హాస్పిటల్‌లో మేమిద్దరం చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నాం..."

బ్లోయర్ మళ్లీ రొద పెట్టింది.

"ఛ! ఇంకోసారి. అదే ఫీల్‌తో చెప్పు."

"అదే ఫీల్‌తోనా?" కెజియా మైక్‌ని దగ్గరికి లాక్కుంది. "ఆ రోజు నొప్పి మొదలైతే నేనే డ్రైవ్ చేసుకుని హాస్పిటల్‌కి వెళ్లాను. ఈయన ఆఫీస్ కాల్‌లో ఉండి నా ఫోన్ ఎత్తలేదు. నా చెయ్యి పట్టుకున్నది ఒక నర్సు. తర్వాత చర్చిలో ఈయన 'మేమిద్దరం' అన్నారు. అందరూ ఏడ్చారు. ఇక నేనూ అలాగే చెప్పడం మొదలుపెట్టాను."

ఈసారి మోజెస్ మధ్యలో ఆపలేదు. ఆమె ముగించాక, తల ఎత్తకుండానే, "మధ్యలో శబ్దం పడింది" అన్నాడు.

కెజియా కిటికీలోంచి చూసింది. పక్కింటి లాన్ శుభ్రం చేసేవాళ్ల ట్రక్ ఎప్పుడో వెళ్లిపోయింది. "బయట ఎవరూ లేరుగా!"

"బయటిది కాదు." అతను హెడ్‌ఫోన్స్ తీసి, అరచేత్తో తడి కళ్లు తుడుచుకున్నాడు. "నాదే. ఎడిటింగ్‌లో తీసేస్తాలే."

"తియ్యకు" అంది కెజియా. "అదొక్కటీ ఉండనీ."