ఊరికే వేసిన తాళం

ఫోన్లు బాగుచేసే మెకానిక్‌కి చేతిలో ఎంత పనితనం ఉందో, నోట్లో అన్ని సలహాలున్నాయి. పనికి డబ్బు తీసుకుంటాడు. సలహాలు మాత్రం ఊరికే ఇస్తాడు, వద్దన్నా ఇస్తాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక నర్సు పగిలిన ఫోన్ పట్టుకుని డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చింది. నాలుగయ్యేలోపు కావాలంది. రేపు రమ్మంటే ఏడ్చినంత పని చేసింది. చూడలేక, చేతిలో ఉన్న రెండు ఫోన్లు పక్కన పెట్టి దాన్నే ముందు విప్పాడు. పరీక్షించడానికి లాక్ నంబరు అడిగితే చీటీ మీద రాసిచ్చి మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తింది.

కొత్త అద్దం బిగించి, వేలితో కిందికీ పైకీ జరిపి చూస్తుంటే మెసేజీలు కంటబడ్డాయి. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ మెషిన్ మీద ఎవరో ఏదో కొన్నారు, నర్సు కార్డులోంచి యాభై రూపాయలు పోయాయి. కిందటి ఆదివారం ఒకటి. అంతకు ముందు ఆదివారం ఒకటి. పైకి జరుపుతూ పోతే తెగలేదు. అన్నీ నాలుగింటికే.

మెకానిక్‌కి ఒళ్లు మండింది. కిందటేడు తన కొడుకూ ఇలాగే ఆటలో కత్తులకీ టోపీలకీ నెల సంపాదనంతా ఊడ్చిపెట్టాడు. వాడి వీపు విమానం మోత మోగించాక, అలాంటి మెషిన్లకి తాళం ఎలా వేయాలో పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఆ తర్వాత వీధిలో సగం మంది పిల్లల ఆట కట్టించింది ఈయనే.

వీడెవడో మరీ గడుసువాడిలా ఉన్నాడు. ఒక్కసారే దోచితే దొరికిపోతానని వారానికింత చిలక్కొట్టుడు కొడుతున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఫోన్ రిపేరు రాదు కాబట్టి అలా అన్నారు.

ఆవిడ వచ్చాక అడిగి చేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తల్లులను అడిగితే ‘పోనీలెండి, చిన్నపిల్లాడు’ అంటారు. అందుకని అడగదలచుకోలేదు. ఆవిడ ఫోన్లోంచే ఆ ఆట ఖాతాలోకి వెళ్లి కార్డు తీసేశాడు. కొనడమే కుదరకుండా చేశాడు. అప్పటికీ తృప్తి కలగక, ఆ మెషిన్‌నే ఖాతాలోంచి వెళ్లగొట్టాడు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా నర్సు వచ్చింది. డబ్బిచ్చి ఫోన్ తీసుకుంది గానీ వెళ్లలేదు. స్టూలు మీద కూర్చుని, ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని దానికేసే చూస్తూ ఉండిపోయింది. నాలుగైంది. మరో ఐదు నిమిషాలు గడిచాయి. మెసేజీలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడమని ఫోన్ ముందుకు చాపింది.

మెకానిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

“మీవాడు ఆటలో కొనే మెసేజేగా? ఇక రాదమ్మా. తాళం వేసేశాను. దీనికి డబ్బేం వద్దులెండి.”

కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు ఆవిడ మొహంలో. వాడు కొంటున్నట్టు తనకు తెలుసని, ఎప్పటిలాగే ఉంచెయ్యమని చేతులు జోడించింది. తల్లులందరికీ ఉండే రోగమే ఇది అని మెకానిక్ మందలించాడు. నాలుగు రోజులు ఏడ్చి వాడే దారికొస్తాడని, తన కొడుకు ఇప్పుడు బుద్ధిగా చదువుకుంటున్నాడని చెప్పుకొచ్చాడు.

ఆవిడ ఏదీ విన్నట్టు లేదు. ఎంత అడిగితే అంత ఇస్తాను, తీసెయ్యి అంటుంది. మెకానిక్‌కి చిరాకేసింది.

“ఇక్కణ్ణించి కుదరదమ్మా. ఆ మెషిన్ ముందు కూర్చుని మీరే పాస్‌వర్డ్ కొట్టాలి. అంత ముద్దయితే ఇంటికెళ్లి కొట్టుకోండి.”

నర్సు స్టూలు మీంచి లేవలేదు.

“ఆ మెషినూ వాడూ మా ఇంట్లో లేరన్నా, మూడేళ్ల కిందట వాళ్ల నాన్న వాణ్ణి ఎత్తుకుపోయి ఎక్కడ దాచాడో నాకు తెలీదు, ‘బతికే ఉన్నానమ్మా’ అని వాడు నాకు చెప్పేది ఆదివారం నాలుగింటికే.”