ఎర్రతాడు తాయెత్తు

"తడి ఇసక మీద నడువు, కాళ్లు లాగవు," అన్నాడు అప్పలనరసింహం వెనక్కి తిరక్కుండానే.

వర్ధనమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. శనివారం ఆయన బడి ఒంటిపూట కాగానే ఇద్దరూ నర్సీపట్నంలో బస్సెక్కారు. రేవుపోలవరంలో దిగినప్పట్నుంచీ ఒడ్డు పట్టుకుని పల్లె తరవాత పల్లె నడుస్తూనే ఉన్నారు. రాత్రి ఎవరిదో అరుగు మీద నడుం వాల్చారు. తెల్లారాక మళ్లీ నడక.

"వండిన అన్నం పొద్దుటికే పాచిపోయుంటుందండీ," అంది.

"ఒక్క పూట. ఓర్చుకోవాలి."

చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు వీళ్లని చూసి పకపకా నవ్వారు. "ఏటి బాబూ, ఈ వయసులో పెళ్లాన్నేసుకొని సముద్రం సికారేటి?"

"మా అబ్బాయి కోసం," అంది వర్ధనమ్మ.

నవ్వులు ఆగిపోయాయి.

కాలేజీ కొట్లాటలో ఓ కుర్రాడు చచ్చిపోయాడు. కేసులోకి వీళ్ల కొడుకు రాజాబాబు పేరెక్కింది. మర్నాడే వాడి సైకిలూ చెప్పులూ రేవుపోలవరం ఒడ్డున కనిపించాయి. అయినా ఎస్సై నమ్మలేదు. "శవం ఏదీ మాస్టారూ? సోమవారం వచ్చి ఇల్లు గాలిస్తాను," అని వీధిలో నిలబడి అందరూ వినేలా చెప్పిపోయాడు. కొడుకు పోయిన ఇల్లని కూడా చూడడా అని ఇరుగుపొరుగు నొచ్చుకున్నారు.

ఈ ఊళ్లోనైనా దొరకాలి, అనుకుంది వర్ధనమ్మ.

ఆడవాళ్లు దేవుళ్లు అనే ఊరిపెద్ద ఇంటికి దారి చూపించారు.

"ఒక పిల్లోడు కొట్టుకొచ్చాడమ్మా," అన్నాడు దేవుళ్లు నెమ్మదిగా. "ముకం సేపలు తినీసినాయి. పోలీసుల గొడవెందుకని మేవే సరుగుడు తోటకాడ కప్పెట్టీసినాం."

ఊరూ పేరూ తెలియని శవం ఒడ్డుకొస్తే, పూడ్చేముందు ఒంటి మీది గుర్తు ఏదైనా తీసి ఊరిపెద్ద ఇంటి గుమ్మానికి కట్టడం ఆ పల్లె ఆచారం. అయినవాళ్లు వచ్చి, తమ చేత్తో ముడి విప్పుకుని పోవాలి. దేవుళ్లు గుమ్మానికి ఎర్రతాడుతో తాయెత్తు ఒకటి వేలాడుతోంది.

"ఎంత ఎత్తుంటాడు?" అడిగింది వర్ధనమ్మ.

"నా సెవి దాకా."

"మావాడూ అంతే."

ఆమె చెయ్యి గుమ్మం మీదికి వెళ్లింది.

"నిదానంగా సూడమ్మా. ఇలాటియి మావోల్లూ కట్టుకుంటారు. పక్కపేట పాపాయమ్మ కొడుకు సేపల ఏటకెల్లి తిరిగి రానేదు. ముసిల్దానికి కల్లు కానవు. తడిమి సూసి సెప్తానంది. రేపు కోడల్నేసుకొని వస్తాది."

వర్ధనమ్మ భర్త వైపు చూసింది. అతను సముద్రం వైపు చూశాడు.

"మావాడిదే," అంది. "నేనే కట్టాను."

ముడి ఊడిరాలేదు. పళ్లతో లాగింది. నోటికి ఉప్పు తగిలింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఎంతకీ ఆగలేదు.

దేవుళ్లు తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. "పోన్లెండి. నడిసి రావొద్దని పాపాయమ్మకి కబురెడతాను. దాని కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడనుకుంటాది."

"ఈ మాట మీరు స్టేషనుకొచ్చి చెప్పాలి," అన్నాడు అప్పలనరసింహం.

"సెప్పకపోతే ఎలా బాబూ! కన్నోల్ల కడుపుకోత నాకు తెల్దేటి?"

సోమవారం ఎస్సై దేవుళ్లు చెప్పిందంతా విన్నాడు. తాయెత్తు తిప్పి చూసి, వర్ధనమ్మ చేతికిచ్చి, టోపీ తీశాడు. "ఏమీ అనుకోకండమ్మా. ఇంక మీ ఇంటికి రాం."

సాయంత్రం దాకా పలకరింపులు. పక్కింటి ఝాన్సీలక్ష్మి చివరగా లేచింది. "వాడికిష్టమైనవి వండి పెట్టండి పిన్నిగారూ. ఎక్కడున్నా కడుపు నిండుతుంది."

వర్ధనమ్మ గుత్తివంకాయ కూర వండింది. వీధి తలుపు గడియ పెట్టి, కంచం నిండా అన్నం వడ్డించింది. పాపాయమ్మ ఈపాటికి గుమ్మంలో కూర్చుని అడుగుల చప్పుడు వింటూ ఉంటుంది. తరవాత వంటింట్లో ముక్కాలిపీట వేసుకుని, ఎక్కి, కంచం రెండు చేతులతో పైకెత్తింది.

అటక మీంచి రాజాబాబు అందుకున్నాడు.