ఐదింటి బకెట్టు

ఊళ్లో అందరి కోడ్ ఉండే ఊరుమ్మడి సర్వర్‌ను ఇవాళ సాయంత్రం ఆరింటికి మూసేస్తున్నారు. ఇకమీదట ఎవరింటి కోడ్ వాళ్లే దాచుకోవాలి. మా అలమరలో పెట్టిన లినక్స్ సర్వర్‌లో, కోడ్ దాచే సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి హసీనా వచ్చింది. మా ఇంటి గీజరు, తలుపులు, దీపాలు అన్నీ నా భర్త రాసిన కోడ్‌తోనే నడుస్తాయి. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

"ఇప్పుడున్న కోడ్ పది నిమిషాల్లో వచ్చేస్తది మేడం. ఏ మార్పు ఎందుకు చేశారో చెప్పే పాత చరిత్ర కూడా కావాలంటే మూడు గంటలు. అందరూ వదిలేయమంటున్నారు."

"వదిలెయ్యమ్మా," అన్నాను. అంతసేపు కూర్చునే ఓపిక లేదు.

కోడ్ వచ్చాక, పరీక్షించడానికి ఏదైనా చిన్న మార్పు చెప్పమంది. సాయంత్రం ఐదింటికి గీజరు బకెట్టు నీళ్లు కాచే లైను తీసేయమన్నాను. నేను బడి నుంచి రాగానే ఆయన "నువ్వు పోసుకో" అనేవారు. పేపర్లు దిద్దాలని నేను వద్దంటే, ఆయనే పోసుకునేవారు. ఇప్పుడవి రోజూ చల్లారిపోతున్నాయి.

"కారణం చూడకుండా లైను తీస్తే మా గురువుగారు చెవి మెలేసేవారు," అంటూ హసీనా పాత సర్వర్‌లో వెతికింది. "ఈ లైను ఎందుకు పెట్టారో సార్ రాశారు. చదవనా?"

తల ఊపాను.

"'వైదేహి ఎనిమిది పీరియడ్లూ నిలబడే పాఠం చెబుతుంది. కాళ్ల నొప్పులని చెప్పదు. వచ్చేసరికి వేడినీళ్లు ఉండాలి.'"

"చరిత్ర మొత్తం తెప్పించు," అన్నాను. "ఆ లైను ఉండనీ."

అది పూర్తయ్యేసరికి ఐదైంది. గీజరు మూలిగింది. హసీనాకు కాఫీ ఇచ్చి, బకెట్టు తెచ్చుకోవడానికి లేచాను.