సున్నా పంచదార

"ఇందులో పంచదార ఎంతుందండి?"

"సున్నా అమ్మా. పిండి కూడా తక్కువే. షుగరున్నవాళ్ళు తినేదే."

"ఇంకోసారి సరిగ్గా చూసి చెప్పండి బాబూ."

నరసాపురం మందుల షాపులో సూర్యావతి అప్పటికి చాక్లెట్‌లా ఉండే ప్రొటీన్ బార్లు నాలుగు రకాలు వెనక్కి తిప్పించి చదివించింది. ఒకదాంట్లో తేనె ఉందంటే వద్దంది. ఇంకోదాంట్లో ఖర్జూరం ఉందంటే ముట్టుకోను కూడా లేదు. షాపతను విసుక్కున్నా లెక్కచేయలేదు.

ఆమె మొగుడు నూకయ్యకి మొన్నే కాలి బొటనవేలు తీసేశారు. ఈసారి షుగరు పెరిగితే పాదమే తీయాల్సి వస్తుందన్నారు. పాదం పోతే, అంతర్వేదిలో పడవ మీద నిలబడి వల విసిరే మనిషి ఏమైపోతాడు?

ఆ పొద్దున ఆసుపత్రిలో షుగరు ఇంజెక్షన్ చేసి, వెంటనే టిఫిన్ పెట్టమన్నారు. నూకయ్య ఇడ్లీ అడిగాడు. అందులోనూ బియ్యపు రవ్వేనని సూర్యావతి తిననివ్వలేదు. ఏరి ఏరి కొన్న ఆ బార్‌లో సగం విరిచి ఇచ్చింది. అతిజాగ్రత్త కూడా ఒక రోగమే, దానికి మాత్రం ఏ షాపులోనూ మందు దొరకదు.

గోదావరి దాటడానికి ఇద్దరూ మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు ఎక్కారు. సఖినేటిపల్లి రేవు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఈలోగా ఆటుకి నీళ్ళు లాగేసి, పంటు ఏటి మధ్య ఇసుకమేట మీద కూర్చుండిపోయింది.

"పోటు రావాలండి. అందాకా ఇంతేనండి," అన్నాడు పంటు నడిపే సరంగు బంగారయ్య.

గంట గడిచింది. నూకయ్య చొక్కా చెమటతో తడిసిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"మావా! ఏవైంది మావా?"

"వల... లాగండ్రా..." అంటూ ఆమె ఒళ్ళోకి ఒరిగిపోయాడు.

సూర్యావతి అతని తల ఎత్తి పట్టుకుంది. మిగిలిన సగం బార్ అతని నోటికి అందించింది.

"తిను మావా. నీకోసం ఏరి కొన్నాను మావా."

అప్పుడు ఒక మనిషి కమ్మీ పట్టుకుని తూలుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మాసిన తెల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"అది కాదమ్మా. ఇంజెక్షన్ చేసేరా ఈయనకి?"

"ఆయ్, చేసేరండి."

"షుగరు పడిపోయిందమ్మా. తీపి పెట్టాలి."

"తీపా? ఆయనకి షుగరండీ బాబూ!"

"అందుకే..." అతని మాట తడబడింది. జనం వైపు తిరిగాడు. "ఎవరి దగ్గరన్నా బెల్లం గానీ చాక్లెట్ గానీ ఉందాండీ?"

"మందులోకి నంజుకోడానికా గురూ?" అన్నాడు మోటార్ సైకిల్ మీద కూర్చున్న ముత్యాలరాజు.

అందరూ నవ్వారు.

ఆ మనిషి తన జేబు తడుముకున్నాడు. నూకయ్య వైపు చూశాడు. అవతలి ఒడ్డు వైపు చూశాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. వేళ్ళు వణుకుతుంటే దారం ముడి ఊడలేదు. పళ్ళతో చింపాడు.

పంచదార!

సూర్యావతి కెవ్వుమంది.

"అయ్యబాబోయ్! ఈ తాగుబోతోడు మా ఆయన్ని చంపేత్తన్నాడండోయ్!"

అతను వినిపించుకోలేదు. నూకయ్య దవడ లోపల పంచదార పెట్టి వేలితో రుద్దుతున్నాడు. ఆమె కొట్టింది. గోళ్ళతో చేతులు రక్కింది.

"నీ చేతులు పడిపోనూ!"

పొట్లం ఖాళీ అయ్యేదాకా అతను కదల్లేదు. చివరికి ఇద్దరు మనుషులు అతన్ని లాగి ఓ మూలకి తోశారు. అక్కడే తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాడు.

సూర్యావతి మొగుడి నోట్లోంచి ఆ పంచదార తీసెయ్యాలని చూసింది. అప్పటికే కరిగిపోయింది. తన పసుపుకుంకాలు కూడా దాంతోపాటే కరిగిపోయాయని గుండెలు బాదుకుని ఏడ్చింది. నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకుంది.

పోటొచ్చింది. పంటు కదిలింది. రేవు చేరేసరికి నూకయ్య కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు.

స్వామి మొక్కు విన్నాడనుకుంది సూర్యావతి. దిగుతూ మూలకి చూస్తే ఆ మనిషి తల వాల్చేసి ఉన్నాడు.

"కొంప ముంచబోయి ఎంత సుఖంగా నిద్రోతన్నాడో సూడు!" అని తిట్టి దిగింది.

రేవుకి దగ్గర్లోని ఆసుపత్రిలో డాక్టరుగారు నూకయ్యకి సెలైన్ పెట్టి, జరిగిందంతా విన్నారు.

"ఇంజెక్షన్ చేసేక తిండి పెట్టకపోతే షుగరు పడిపోద్దమ్మా. అప్పుడు పంచదారే మందు. ఆయన పెట్టబట్టి నీ మొగుడు నీకు దక్కేడు."

"మరి... ఈ బారో, డాక్టరుగారూ?"

"మంచిదే. కానీ ఆ టైములో అది తౌడుతో సమానం."

సూర్యావతి చివాల్న లేచింది. సెలైన్ అయ్యేదాకా కూర్చోలేక, చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తింది. కాళ్ళ మీద పడాలి. కొట్టిన చేతులతోనే దండం పెట్టాలి.

పంటు అప్పటికి రెండు ట్రిప్పులు తిరిగొచ్చింది. మూల జనం మూగి ఉన్నారు.

"దిగమంటే దిగలేదండి," అన్నాడు బంగారయ్య, తలపాగా తీసి చేత్తో పట్టుకుని. "తాగి పడుకున్నాడని వదిలేసేవండి. ఇందాక లేపబోతే ఒళ్ళు చల్లగా ఉందండి."

సూర్యావతి జనాన్ని తోసుకుంటూ దగ్గరికెళ్ళింది. అతని చేతుల మీద ఆమె రక్కిన గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఊరూ పేరూ తెలుస్తాయేమోనని బంగారయ్య అతని చొక్కా జేబు వెతికాడు. నాలుగు మడతలు పెట్టిన చీటీ ఒకటి దొరికింది. విప్పి పైకి చదివాడు:

"నాకు షుగరు జబ్బు ఉంది, చెమటలు పట్టి తూలిపోతుంటే తాగాననుకోకుండా, దయచేసి నా జేబులో ఉన్న పంచదార నా నోట్లో వేయండి."