పచ్చదీపం బాబాయ్

వాన పడిందంటే చాలు, పైవాటా పెద్దాయన తలుపు తట్టేవాడు.

"అమ్మాయ్, మీ పెట్టెలో పచ్చదీపం వెలుగుతోందా?"

"వెలుగుతోందండీ."

అప్పుడే కన్నంటుకున్న పాప ఉలిక్కిపడి లేచేది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఊపిరి తీసుకోవడం మధ్యమధ్యలో మరిచిపోతుంది. కాలికి కట్టిన పట్టీ ఆ సంగతి గోడమీది పెట్టెకి చెబుతుంది. పెట్టె లైను మీదుగా ఆస్పత్రికి చెబుతుంది. నర్సమ్మ వెంటనే ఫోన్ చేస్తుంది. దాన్ని నమ్ముకునే తల్లి కాస్త స్నానానికైనా వెళ్లగలుగుతోంది.

"నీ పచ్చదీపం బాబాయ్ వచ్చి వెళ్లాడా?" మొగుడు ఆటపట్టించేవాడు.

"నవ్వుతారేం. దీన్ని పడుకోబెట్టేసరికి నా నడుం పడిపోతోంది."

ఒకరోజు ఉండబట్టలేక ఆయన ముఖానే అనేసింది.

"దీపం సంగతి నేను చూసుకుంటాను గానీ, మీరింక తలుపు కొట్టకండి."

"సరేనమ్మా," అన్నాడాయన. మళ్లీ కొట్టలేదు.

కొన్నాళ్లకి ఇల్లు ఖాళీ చేశాడు. సంచితో మెట్లు దిగుతూ పాపకేసి చెయ్యి ఊపాడు. ఆమె పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

ఆ తర్వాత పెద్ద వాన పట్టుకుంది. వంటింట్లో పాలసీసా కడుగుతుంటే ఫోన్ మోగింది.

"పాపని ఎత్తుకో. వీపు రుద్దు. ఆపకు, రుద్దుతూనే ఉండు." నర్సమ్మ గొంతు.

పెదాలు నీలంగా ఉన్నాయి. రుద్దింది. పాప కేరుమంది. పాపతో పాటు తనూ ఏడ్చింది.

సాయంత్రం ఆస్పత్రి మెకానిక్ వచ్చాడు. పెట్టెలో ఎర్రదీపం.

"మీ లైను పొద్దున్నే తెగిపోయిందమ్మా. చూసుకోలేదా?"

ఆమె ఎర్రదీపం కేసి చూసింది. పచ్చదీపం వెలుగుతోందా అని అడిగేవాళ్లెవరు ఇప్పుడు?

"మరి కబురెలా వెళ్లింది?"

"పైనింటి పెట్టె మీదుగా. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి వెతుక్కుంటుంది. ఈ బిల్డింగులో పెట్టె పెట్టుకోనిచ్చింది ఆయనొక్కడే."

"పైన ఎవరూ లేరే. తాళం వేసుంది."

"స్విచ్ కట్టెయ్యొద్దు, లైను పీకొద్దు, మీ పాపకి ఏడాది నిండేదాకా అలాగే ఉంచమని ఓనరుకి చెప్పి వెళ్లాడు."

"మాకోసం ఆయనకెందుకంత..."

మెకానిక్ తలెత్తలేదు. పెట్టె మరలు బిగిస్తూనే అన్నాడు.

"పైన ఆ పెట్టె పెడుతున్నప్పుడు చెప్పాడమ్మా, వాళ్ల పసిపాపకీ ఇదే జబ్బట, అప్పట్లో ఒక్కటే దారి ఉండేదట, ఒక వానకి అది కాస్తా తెగిపోయిందట."